కేసు లేదు, పైసలూ లేవు



కెనడాలో నాకొక అన్న ఉన్నాడు. రక్తసంబంధం కాదు. మాది, ఆయనది కరీంనగర్ దిక్కు పక్కపక్క ఊళ్లు. ఇక్కడికి నాకంటే పదేళ్లు ముందొచ్చి చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. మనోళ్లు చాలామంది చేసినట్టే నలుగురితో కలిసి చిట్టీ నడిపాడు. ఒక నెల చిట్టీ ఎత్తుకుని, ఆ పైసలు కారులో పెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. 18,000 డాలర్లు. కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేసి, దుకాణం సంచిలో పెట్టుకున్నాడు.

వెనక లైటు వెలగడం లేదని పోలీసులు కారు ఆపారు. సంచి కనబడింది. ఎక్కడివి అని అడిగారు. అన్న గాబరా పడ్డాడు. ముందు దుకాణం పైసలన్నాడు, తర్వాత చిట్టీ అన్నాడు. చిట్టీ అంటే ఏమిటని అడిగితే ఆయనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. అవతలి మనిషికి అర్థమైంది ఒక్కటే మాట: "లాటరీయా?" పైసలు తీసుకుని, ఒక రశీదు చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. అరెస్టు లేదు, కేసు లేదు.

కొన్ని వారాలకు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. అన్న దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాడు. నేను ఫోన్ చేసి అడిగితే, "కేసే పెట్టలేదు గద తమ్మీ, తప్పు లేదని తేలినట్టే. పైసలు వాళ్లే పంపుతరు" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. ఉత్తరం పూర్తిగా చదవమని చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ ఉత్తరంలో ఒక గడువు ఉంది. ఆ తేదీలోగా అభ్యంతరం రాసి పంపకపోతే డబ్బు ప్రభుత్వానిదవుతుందని ఉంది. తేదీ దాటింది. డబ్బు పోయింది. ఈ రోజుకీ అన్న మీద ఏ నేరారోపణా లేదు.

ఇది జరిగాకే నేను ఈ చట్టాల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నాకు అర్థమైన విషయం ఒకటే. కెనడాలో ప్రభుత్వం మీ మీద కేసు పెట్టకుండానే మీ పైసలు తీసుకోవచ్చు. కేసు మీ మీద కాదు, మీ పైసల మీద. పైసలకు నోరుండదు. గడువులోపల మనం మాట్లాడకపోతే వాటి తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

దీన్ని ఇక్కడ సివిల్ ఫోర్ఫీచర్ అంటారు. మన మాటలో చెప్పాలంటే సివిల్ జప్తు. 2001లో ఒంటారియో ఇందుకు చట్టం చేసింది. బ్రిటిష్ కొలంబియా చట్టం 2006లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువ ప్రావిన్సుల్లో ఇలాంటివి ఉన్నాయి. నేరం వల్ల వచ్చిన సొమ్మును గానీ, నేరానికి వాడిన సాధనాన్ని గానీ సివిల్ కోర్టు ద్వారా ప్రభుత్వం తీసుకోవచ్చు. సాధనం అంటే కారు కావచ్చు, ఇల్లు కూడా కావచ్చు. నేరం జరిగిందని క్రిమినల్ కోర్టులో రుజువు కావలసిన పని లేదు. మనిషి దొరక్కపోయినా, దొరికి నిర్దోషిగా బయటపడినా, అసలు కేసే పెట్టకపోయినా వస్తువు మీద దావా నడుస్తుంది.

రెండు కోర్టులకూ తేడా తూకంలో ఉంది. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. సివిల్ కోర్టులో అబద్ధం కంటే నిజమే అయ్యే అవకాశం కాస్త ఎక్కువగా ఉందని తేలితే చాలు. త్రాసు ఒక వెంట్రుక మందం ఒరిగితే మీ ఇల్లు పోవచ్చు. నిర్దోషిగా భావించే హక్కు కెనడా చార్టర్ 11వ సెక్షన్‌లో ఉంది. కానీ అది నేరం మోపబడిన మనిషికి ఇచ్చిన హక్కు. నేరమే మోపకపోతే ఆ హక్కు మన దరిదాపులకు రాదు. అన్నకు ఎదురైన విచిత్రం ఇదే. కేసు పెట్టి ఉంటే ఆయనకు ఎక్కువ రక్షణ ఉండేది.

ఈ చట్టం మీద దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది ఒక విద్యార్థి. ఇంటిపేరు చటర్జీ, ఆటవాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో చదివేవాడు. 2003లో కారుకు ముందు నంబర్ ప్లేటు లేదని పోలీసులు ఆపారు. ప్రొబేషన్ షరతు మీరాడని అరెస్టు చేసి కారు వెతికితే 29,020 డాలర్ల నగదు, గంజాయి వాసన వేసే ఒక ఫ్యాను, లైటు సామాన్లు దొరికాయి. గంజాయి మాత్రం దొరకలేదు. ఆ డబ్బుకూ ఆ సామాన్లకూ సంబంధించి అతని మీద ఏ కేసూ పెట్టలేదు. అయినా ఒంటారియో ప్రభుత్వం వాటిని జప్తు చేయమని కోర్టును అడిగింది, గెలిచింది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లి అతను చేసిన వాదన మనలాంటివాళ్లకు బాగా పరిచయమైనదే. క్రిమినల్ చట్టం చేసే అధికారం కేంద్రానిది, ప్రావిన్సుది కాదు, కాబట్టి ఈ చట్టం చెల్లదన్నాడు. 1867 నాటి రాజ్యాంగ చట్టంలో క్రిమినల్ చట్టం 91వ సెక్షన్ కింద కేంద్రం చేతిలో ఉంది. ఆస్తి, పౌర హక్కులు 92వ సెక్షన్ కింద ప్రావిన్సుల చేతిలో ఉన్నాయి. 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ బిన్నీ. ఈ చట్టం ఆస్తికి సంబంధించినది, ప్రావిన్సుకు ఆ అధికారం ఉందని తేల్చారు. విద్యార్థి ఓడిపోయాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. రాష్ట్రాల హక్కులంటే మనకు ప్రాణం. రాజ్యాంగం మూడో అధికరణను నోటికి నేర్చుకున్నవాళ్లం. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య పంచాయితీ వచ్చిన ప్రతిసారీ రాష్ట్రం పక్షాన నిలబడటం మనకు అలవాటైపోయింది. ఈ తీర్పు చదువుతుంటే ఆ అలవాటు నన్ను ఇబ్బంది పెట్టింది. రాష్ట్రం గెలిచింది, మనిషి ఓడాడు. ఏ సర్కారుకు తీసుకునే అధికారం ఉందన్న ప్రశ్నకు జవాబు దొరికింది. నేరం మోపకుండా తీసుకోవడం న్యాయమేనా అన్న ప్రశ్న ఆ తీర్పుతో తీరలేదు. అధికారం దగ్గరికి వచ్చినంత మాత్రాన మంచిదైపోదు. ఢిల్లీలో ఉన్నా, టొరంటోలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా దాన్ని అడిగేవాళ్లు ఉండాలి.

మనకు ఇది కొత్త అనుభవం కూడా కాదు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎన్నికల నియమావళి ఉన్నన్ని రోజులూ 50,000 రూపాయలకు మించి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపించాలి. పత్తి అమ్మిన రైతు, పెళ్లి బట్టలకు పోతున్న తండ్రి, ఆసుపత్రికి కట్టడానికి పోతున్న కొడుకు చెక్‌పోస్టుల దగ్గర నిలబడి బతిమాలుకున్నారు. వాళ్లకు ఒక్క మేలు ఉంది. జిల్లాలో ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, కాగితాలు పట్టుకుని అక్కడికి పోవచ్చు. మన మాట, మన మనుషులు. ఇక్కడ భాష రాదు, దారి తెలియదు, ఏ ఆఫీసుకు పోవాలో తెలియదు. పైగా మన అలవాట్లే మనకు ఎదురు సాక్ష్యం చెబుతాయి.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. బ్రిటిష్ కొలంబియా, మానిటోబా చట్టాలు చూడండి. బ్యాంకులు కట్టే పద్ధతిలో కాకుండా నగదును వేరే రకంగా కట్టలు కట్టి ఉంచితే, దాన్ని నేరపు సొమ్ముగానే అనుకోవచ్చని రాసుకున్నారు. కాదని చూపించే బరువు మన మీద పడుతుంది. రబ్బరు బ్యాండు వేయని తెలుగు ఇల్లు ఎక్కడైనా ఉందా? బ్యాంకును నమ్మని అమ్మమ్మ బియ్యం డబ్బాలో దాచుకున్న ముల్లె, చిట్టీ పైసలు, పెళ్లిలో చదివించిన కవర్లు, అన్నీ ఈ లెక్కన అనుమానపు సొమ్మే. దీని మీద 2023లో బ్రిటిష్ కొలంబియా ఇంకో మెట్టు ఎక్కింది. ఆదాయానికి పొంతన లేని ఆస్తి ఎలా వచ్చిందో చెప్పమని కోర్టు ద్వారా ఆదేశం తెచ్చుకునే అధికారం తీసుకుంది.

ఆస్తి హక్కు లేదా అని అడుగుతారు. 1982 నాటి కెనడా చార్టర్‌లో ఆస్తి హక్కు లేదు. మన దేశంలో 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచి ఆస్తి హక్కును తీసేశారు, 300ఎ అధికరణలో చట్టబద్ధమైన హక్కుగా మిగిలింది. అంటే ఇక్కడికొచ్చిన మనం ఒక బలహీనమైన గోడ వెనక నుంచి ఇంకో బలహీనమైన గోడ వెనకకు వచ్చాం. ఇక్కడ మిగిలిన ముఖ్యమైన ఆసరా చార్టర్ 8వ సెక్షన్. అకారణంగా సోదా చేయడం, వస్తువులు పట్టుకోవడం కుదరదని అది చెబుతుంది. సోదా చట్టవిరుద్ధమైతే, ఆ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టమని సివిల్ జప్తు కేసులో కూడా అడగవచ్చు. చాలా కేసుల్లో రక్షణ వాదన మొదలయ్యేది అక్కడే. కారు ఎందుకు ఆపారు, సంచి ఎందుకు తెరిచారు, ఏ అధికారంతో తెరిచారు అన్న మూడు ప్రశ్నలు.

అవతలి వాదన కూడా వినాలి. ముఠా నాయకుడు ఎప్పుడూ నేరం జరిగిన చోట దొరకడు, ఇల్లూ కార్లూ మాత్రం దొరుకుతాయి. వాటిని తీసుకోకపోతే ఆ సొమ్ముతో రేపు ఇంకొకరి కొంప కూలుతుంది. ఈ మాటలో నిజం ఉంది. బ్రాంప్టన్‌లో, సర్రేలో దక్షిణాసియా వ్యాపారులకు ఫోన్లు చేసి, తుపాకులు పేల్చి డబ్బు గుంజుతున్న ముఠాల వల్ల నష్టపోతున్నది మనలాంటివాళ్లే. జప్తు చేసిన సొమ్ములో కొంత బాధితులకు పరిహారంగా ఇచ్చే ఏర్పాటు కూడా ఈ చట్టాల్లో ఉంది. కాబట్టి చట్టాన్ని ఎత్తేయమని నేను అనడం లేదు.

నా గొడవ వేరు. ఈ చట్టం ఎవరి మీద ఎంత బరువు పడుతుందో చూడండి. హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్ సైకిల్ ముఠా క్లబ్బు భవనాల కోసం బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం వేసిన దావా 2007లో మొదలైంది. 2020లో కింది కోర్టులో క్లబ్బు పక్షం గెలిచింది. 2023లో అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసి భవనాలు ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే ఈ చట్టం ఎవరి కోసం పుట్టిందో వాళ్లు లాయర్లను పెట్టుకుని 15 ఏళ్లకు పైగా కొట్లాడగలిగారు. మా అన్న ఒక్క రోజు కూడా కొట్లాడలేదు. 18,000 కోసం లాయరును పెట్టుకుంటే సగం ఆయనకే పోతుంది. ఈ సంగతి తెలిసి చాలామంది వదిలేసుకుంటారు. బ్రిటిష్ కొలంబియాలో 75,000 డాలర్ల లోపు చరాస్తికి కోర్టు దాకా పోనవసరం లేని పద్ధతి 2011 నుంచి ఉంది. నోటీసు పంపుతారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే జడ్జి ముఖం చూడకుండానే ఆస్తి జప్తు అయిపోతుంది. మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కగట్టే పద్ధతి ఇది. భాష రానివాడి మౌనం, భయపడ్డవాడి మౌనం, ఉత్తరం అర్థంకానివాడి మౌనం, అన్నీ ఒకే లెక్కలో పోతాయి.

ప్రావిన్సుల సంగతి ఇలా ఉంటే, విమానాశ్రయంలో కేంద్ర చట్టం ఉంది. మనోళ్లందరికీ ఏదో ఒకరోజు పనికొచ్చేది ఇదే. కెనడాలోకి వస్తున్నా, బయటికి పోతున్నా 10,000 డాలర్లు, ఆ పైన ఎంత ఉన్నా సరిహద్దు అధికారులకు చెప్పాలి. రూపాయలైనా, అమెరికా డాలర్లైనా, డ్రాఫ్టులైనా విలువ లెక్కే. ఎంతైనా తీసుకెళ్లవచ్చు, దాచడమే తప్పు. చెప్పకపోతే మొత్తం పట్టుకుంటారు. అనుమానం లేకపోతే జరిమానా కట్టించుకుని తిరిగిస్తారు. నేరపు సొమ్మని అనుమానం వస్తే జరిమానాతో పోదు, ఆ సొమ్మంతా ఉంచుకుంటారు. 2003లో టొరంటో విమానాశ్రయంలో శ్రీలంక పోతున్న ఒక నగల వ్యాపారి దగ్గర లక్షకు పైగా డాలర్లు పట్టుకున్నారు. కేసు ఫెడరల్ అప్పీలు కోర్టు దాకా పోయింది. 2008లో కోర్టు చెప్పిన మాట ఇది: ఆ డబ్బు న్యాయంగా వచ్చిందని మంత్రిని నమ్మించాల్సింది డబ్బు యజమానే. నమ్మదగిన సాక్ష్యం ఇవ్వలేకపోతే డబ్బు రాదు.

ఇక 2022 సంగతి. ఆ ఫిబ్రవరిలో ఆటవాలో ట్రక్కులు పెట్టి నిరసన చేసినవాళ్ల మీద కేంద్రం ఎమర్జెన్సీ చట్టం తెచ్చింది. కోర్టు ఆదేశం లేకుండానే బ్యాంకులు కొందరి ఖాతాలు స్తంభింపజేశాయి. ఆ నిరసనతో నాకు ఏకీభావం లేదు. మీలో చాలామందికీ ఉండకపోవచ్చు. కానీ సకల జనుల సమ్మెను చూసినవాళ్లుగా ఆ రోజు మనకు వెన్నులో వణుకు పుట్టాలి. 2024 జనవరిలో ఫెడరల్ కోర్టు, ఆ చట్టం ప్రయోగించడం సమంజసం కాదని, ఖాతాల విషయంలో 8వ సెక్షన్ ఉల్లంఘన జరిగిందని తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. నచ్చనివాళ్ల ఖాతా కోసం కొట్లాడిన లాయర్లు రేపు మన ఖాతాకు కూడా దారి వేసిపెట్టారు.

మరి మనం చేయవలసిందేమిటి? నేను లాయరును కాదు. ఒక అన్న పైసలు పోయాక ఆలస్యంగా నేర్చుకున్నవి మాత్రం చెబుతాను.

మొదటిది, ఉత్తరం వచ్చిన రోజే గడువు తేదీ క్యాలెండర్ మీద రాయండి. సరిహద్దులో పట్టుకున్న డబ్బుకైతే, పట్టుకున్న రోజు నుంచి 90 రోజుల్లో మంత్రి నిర్ణయం కోరుతూ రాయాలి. ఆ డబ్బు మీది కాదు, మీ చేతికిచ్చి పంపిన మామయ్యది అయితే, ఆయన వేరుగా 90 రోజుల్లో కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పు జరిగిందా అన్నది ఒక ప్రశ్న, డబ్బు తిరిగివ్వాలా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండింటికీ పైకోర్టు దారులు వేరు, గడువులు కూడా వేరు. అక్కడ లాయరు లేకుండా అడుగు వేయొద్దు.

రెండోది, పోలీసులు పట్టుకున్న వస్తువును మూడు నెలలకు మించి ఉంచుకోవాలంటే, కేసు పెట్టకపోతే, మామూలుగా కోర్టు అనుమతి కావాలి. క్రిమినల్ కోడ్ 490వ సెక్షన్ ఇది. అది తీసుకున్నారా అని అడిగే హక్కు మనకుంది.

మూడోది, డబ్బు మీద హక్కు వదులుకుంటున్నానన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. రశీదు అడగండి. అబద్ధం అస్సలు చెప్పొద్దు. తెలియకపోతే లాయరుతో మాట్లాడి చెబుతానని అనండి. మా అన్నను ముంచింది పైసలు కాదు, గాబరాలో చెప్పిన రెండు రకాల జవాబులు.

నాలుగోది, కాగితం. చిట్టీ నడిపితే పుస్తకం రాయండి, పేర్లు, తేదీలు, సంతకాలతో. ఊర్లో జాగ అమ్మితే రిజిస్ట్రేషన్ పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి. వీలైనంత వరకు బ్యాంకు ద్వారానే పంపండి.

ఐదోది, లాయరు ఖర్చు. ఒంటారియో చట్టంలో, కోర్టు స్తంభింపజేసిన ఆస్తి నుంచే సబబైన లాయరు ఖర్చులు ఇవ్వమని అడిగే వీలుంది. అలాగే ఒంటారియో లా సొసైటీ రెఫరల్ సర్వీసు ద్వారా 30 నిమిషాల దాకా ఉచితంగా లాయరుతో మాట్లాడవచ్చు. మా అన్నకు ఆ 30 నిమిషాలు దొరికినా సరిపోయేది.

ఇవి మనిషి మనిషిగా చేసుకునేవి. సంఘాలుగా చేయవలసింది ఇంకోటుంది. బతుకమ్మకు హాలు కిరాయికి తీసుకుంటాం, బోనాలు చేసుకుంటాం, వచ్చిన నాయకులకు శాలువాలు కప్పుతాం. ఆ రోజే, ఆ హాల్లోనే ఒక మూల బల్ల వేసి, మన పిల్లల్లో లా చదివినవాళ్లను ఇద్దరిని కూర్చోబెట్టలేమా? అర్థంకాని ఉత్తరం తెచ్చుకున్నవాళ్లకు చదివి గడువు చెప్పడానికి? అంతకు మించి, మన ఓట్లు అడగడానికి వచ్చే ఎమ్‌పీపీలను, ఎమ్మెల్యేలను మూడు విషయాలు అడగాలి. నేరం మోపని మనిషి ఆస్తి తీసుకోవాలంటే ఇంకా బలమైన రుజువు కావాలి. చిన్న మొత్తాల కేసుల్లో లీగల్ ఎయిడ్ ఇవ్వాలి. నోటీసు అందుకున్న మనిషికి అది అర్థమయ్యే భాషలో చెప్పాలి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం వాళ్లు పక్కన నిలబడి ఆ ధాన్యం ఆమె ఇంటికి చేర్చారని మనం సభల్లో చెప్పుకుంటాం. దొరలకూ ఈ దేశపు కోర్టులకూ పోలిక లేదు, నేను పెట్టడం లేదు. ఆ కథలో నాకు కావలసింది ఒక్కటే. ఐలమ్మ ఒంటరిగా లేదు. మా అన్న ఒంటరిగా ఉన్నాడు. ఆ ఉత్తరం నెలల తరబడి ఆయన ఫ్రిజ్ మీదే ఉంది. ఆ ఇంటికి వెళ్లి, చాయ్ తాగి, దాన్ని చూసి వచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ వారం మీరు ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీద అలాంటి కవరు కనిపిస్తే, అడిగి చదవండి. ముందు తేదీ చూడండి.